కొట్టేసినా తగ్గని ఫైలు

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావగారు మొన్న ఫోన్ చేశారు. "పాత మెయిల్స్ అన్నీ డిలీట్ చేశానయ్యా, డిస్క్‌లో ఖాళీ పెరగకపోగా ఇంకా తగ్గింది. వైరస్ ఏమన్నా పట్టిందంటావా?" అని ఒకటే టెన్షన్. వైరస్ కాదు. ఆయన వాడేది థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్, అది మెయిల్స్ దాచే పద్ధతే అంత.

ఇన్‌బాక్స్ పక్కన ఫోల్డర్ బొమ్మ చూసి లోపల ఉత్తరాలు విడివిడిగా ఉంటాయనుకుంటాం. కంప్యూటర్ క్లాసుల్లో కూడా ఆ బొమ్మ చూపించి వదిలేస్తారు, అదే నాకు బాధ. ఆ బొమ్మ వెనకున్న ఫైలును ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపిస్తే పిల్లలకి సగం సంగతి అక్కడే అర్థమైపోతుంది. లోపలున్నది ఒకే ఒక్క పొడవాటి టెక్స్ట్ ఫైలు. ఎంబాక్స్ అంటారు, యూనిక్స్ అనే పాత కంప్యూటర్ వ్యవస్థ కాలం నాటి పద్ధతి. కొత్త మెయిల్ వస్తే చివర అతికిస్తుంది, అంతే.

అచ్చం బావగారి దుకాణంలో చిట్టా పుస్తకం. రోజు లెక్క మొదలుపెట్టే ముందు గుమస్తాగారు పైన 'శ్రీ' అని రాసి తేదీ వేస్తారు. శ్రీ రాయకపోతే ఆ రోజు బేరం కలిసిరాదని పెద్దాయన నమ్మకం. దాని సంగతి ఎలా ఉన్నా, ఒక రోజు లెక్క ఎక్కడ ఆగిందో, ఇంకో రోజుది ఎక్కడ మొదలైందో చెప్పేది ఆ శ్రీయే. ఎంబాక్స్‌లో ఆ శ్రీ 'ఫ్రమ్' అనే మాట: లైను మొదట్లో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వెంటనే ఒక ఖాళీ, ఆ తర్వాత పంపినవారి అడ్రస్, తేదీ. (పక్కన రెండు చుక్కలుండే ఫ్రమ్ వేరు, అది ఉత్తరంలో భాగం.)

మరి ఎవరైనా ఉత్తరంలోనే ఇంగ్లీషులో "ఫ్రమ్ రాజోలు, రెండు లారీలు" అని లైను మొదలుపెడితే? ప్రోగ్రామ్ కొత్త మెయిల్ అనుకుని ఉత్తరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అందుకని దాచేటప్పుడు దాని ముందు ఒక గ్రేటర్ దాన్ గుర్తు (>) పెడతారు. పాత మెయిల్స్‌లో ఫ్రమ్ ముందు ఊరికే కనిపించే ఆ గుర్తు ఇదే. ఆ గుర్తు రాసినాయనే పెట్టి ఉంటే? ఎంబాక్స్‌ఆర్‌డీ అనే రకంలో గుర్తు ఉన్నదానికీ ఇంకొకటి తగిలించి, చదివేటప్పుడు ఒకటి తీసేస్తారు, లెక్క సరిపోతుంది.

తెలుగు ఉత్తరాలకి చాలాసార్లు ఈ బెడదే ఉండదు. కంప్యూటర్ అన్ని భాషల అక్షరాలూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరమైనా, గుణింతపు గుర్తైనా ఒక్కోటి 3 బైట్లు. మెయిల్‌లో పంపడానికి వాటిని బేస్64 అనే, మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వాడే రాతలోకి మారిస్తే ఆ 3 బైట్లు 4 ఇంగ్లీషు గుర్తులవుతాయి, 'అ' అనేది '4ఎల్‌సీఎఫ్' అయిపోతుంది. అందులో ఖాళీ అనే గుర్తే లేదు, కాబట్టి 'ఫ్రమ్, ఖాళీ' వచ్చే దారి లేదు. నాకు భలే నచ్చే విషయం ఇది.

ఇక డిలీట్. చిట్టా మధ్యలో ఒక పద్దు తప్పయితే గుమస్తాగారు కాగితం చింపరు, అడ్డంగా గీత కొడతారు. మధ్యలోంచి ఒక మెయిల్ పీకేయాలంటే దాని తర్వాతున్నదంతా ముందుకి జరిపి రాయాలి, ఫైలు పెద్దదైతే అది చిన్న పని కాదు. అందుకే థండర్‌బర్డ్ ప్రతి మెయిల్ పైన ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అనే లైనులో నాలుగు అంకెల చోటు ముందే ఉంచుకుంటుంది. చదివిన మెయిల్‌కి 0001, దాన్నే కొట్టేస్తే 0009. నాలుగంకెల మీద నాలుగంకెలు పడతాయి, ఇంకేదీ కదలదు. ఉత్తరం మాత్రం అక్షరం పోకుండా అక్కడే ఉంటుంది. పైగా డిలీట్ అంటే ముందు ట్రాష్ అనే ఇంకో పుస్తకంలోకి నకలు రాయడం. బావగారి డిస్క్ నిండింది అందుకే.

మెయిల్‌డిర్ పద్ధతిలో ఈ గొడవ లేదు. డేనియల్ బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ కోసం చేసిన ఆ పద్ధతిలో మెయిల్‌కొక ఫైలు, చెరిపితే ఆ ఫైలే పోతుంది.

బావగారికి చెప్పింది ఇదీ: ముందు ట్రాష్ ఖాళీ చేసి, తర్వాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ నొక్కండి. అంటే గీత కొట్టని పద్దులన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కించి పాతది పారేయడం. ఎక్కిస్తున్నంతసేపూ రెండు పుస్తకాలకీ చోటు కావాలి, కాబట్టి డిస్క్ పూర్తిగా నిండేదాకా ఆగొద్దు. పారేశాక గీత కింద ఉన్నవి మళ్లీ దొరకవు కూడా. ఆయన ఇప్పుడు పాత ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారు.