పెన్ను వెతికావా, పెన్ను కోసం వెతికావా?

పత్తికొండ

చిరంజీవులు చిన్నోడికీ బుజ్జిదానికీ జేజి దీవెనలు.

చిన్నోడా, మొన్న ఫోన్లో "ఐ యామ్ సెర్చింగ్ మై పెన్" అన్నావు. ఇంగ్లీషువాళ్లు వింటే నువ్వు పెన్ను విప్పి లోపల ఎవరేం దాచారో చూస్తున్నావనుకుంటారు. మనం పెన్ను వెతికాను అంటాం, బ్యాగంతా వెతికాను అని కూడా అంటాం. వస్తువుకూ చోటుకూ ఒక్క మాటే సరిపోతుంది. ఇంగ్లీషులో సెర్చ్ పక్కన నేరుగా వచ్చేది గాలించే చోటు. పోలీసులు బ్యాగును సెర్చ్ చేస్తారు. పోయిన వస్తువును చెప్పాలంటే దాని ముందు ఫర్ పెట్టాలి. రోజువారీ మాటల్లో అయితే "ఐ యామ్ లుకింగ్ ఫర్ మై పెన్" అంటారు. అదే తేలిక.

ఇక్కడ తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం దిగిపోతారు. సద్ది కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్లు తేలతాయి కదా, నడుం వంచి ఒక్కో రాయినీ ఏరి, కొంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూస్తారు. వాళ్లు చేసేది లుకింగ్ ఫర్. సాయంత్రానికి చాలామంది ఉత్తచేతులతోనే పోతారు, అయినా పొద్దంతా చేసింది లుకింగ్ ఫర్‌ అనే అంటాం. ఫైండ్ అనాలంటే రాయి దొరకాలి. అందుకే బుజ్జీ, నువ్వనే "ఐ యామ్ ఫైండింగ్ మై పెన్" కుదరదు.

అదే చేలో కలుపు తీసే ఆమె ఉందనుకోండి. ఆమె పని కలుపే, కానీ ఏదన్నా మెరుస్తుందేమోనని నేల మీద ఒక కన్నేసి ఉంచుతుంది. అది లుక్ ఔట్ ఫర్. పాము ఉందేమో చూసుకోమని చెప్పడానికీ ఇదే వాడతారు. విత్తిన చేను తొక్కుతారేమోనని రైతు టెన్షన్ రైతుది, ఆయన కన్ను ఈ జనం మీద!

లుక్ అప్ వేరు. ఫలానా చోట ఉంటుందని ముందే తెలిసి, అక్కడ చూసుకోవడం. నిఘంటువులో అర్థం, పట్టికలో రైలు టైము, ఇలాంటివి. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అందులో మాట చూసుకుంటే లుక్ అప్. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది, సెలవుల్లో తీసుకుపోతా.

ఇట్ చేరినప్పుడు మాత్రం జాగ్రత్త. లుక్ ఇట్ అప్ అనాలి, లుక్ అప్ ఇట్ అనకూడదు. లుక్ ఫర్ అలా విడిపోదు, లుక్ ఫర్ ఇట్ అనే అనాలి. మీ నాన్న పదో తరగతి దాకా లుక్ ఇట్ ఫర్ అనే రాశాడు, అడగండి.

మీ జేజి