చెక్కు మీద రెండో సంతకం

2025 డిసెంబర్‌లో తెలంగాణ పల్లెల్లో మూడు విడతలుగా ఎన్నికలు ముగిశాయి. కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చున్నారో లేదో చెక్ పవర్ లొల్లి మళ్లీ మొదలైంది. చెక్ పవర్ అంటే పంచాయతీ డబ్బు తీయడానికి చెక్కు మీద సంతకం పెట్టే అధికారం. అందులో ఉప సర్పంచ్ సంతకం ఉండాలా, అక్కర్లేదా?

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ సంగతి అందరికీ తెలిసిందే. ఈ గొడవకు మూలం మాత్రం 2018 పంచాయతీరాజ్ చట్టం. అంతకుముందు చెక్కు మీద సర్పంచ్‌తో పాటు పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టేవారు. కొత్త చట్టం ఆ చోట ఉప సర్పంచ్‌ను కూర్చోబెట్టింది. పైకి చూస్తే ఎన్నికైనవాళ్ల చేతికే ఖజానా ఇచ్చినట్టుంది.

కానీ సర్పంచ్‌ను గెలిపించేది ఊరి ఓటర్లు, ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లు. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది, ఉప సర్పంచ్ పదవికి లేదు. ఎస్సీ మహిళకు సర్పంచ్ పదవి దక్కిన చోట, ఊరి పెద్దమనిషి వార్డు మెంబరుగా గెలిచి ఉప సర్పంచ్ అయితే పెన్ను మళ్లీ ఆయన జేబులోకే. మోరీ తీయించాలి, వీధి లైట్లు మార్చాలి, సఫాయి కార్మికుడికి జీతం ఇవ్వాలి. సర్పంచ్ సంతకం పెట్టి చెక్కు పంపిస్తుంది. ‘సారు ఊళ్లో లేడు, వారం ఆగాలె’ అని కబురొస్తుంది. కార్యదర్శి అయితే మండల ఆఫీసుకు జవాబు చెప్పుకోవాలి. ఈయనను ఊళ్లో అడిగేదెవరు?

ఒక్కరి చేతిలో పెడితే దొంగ బిల్లులు పుడతాయని ఉప సర్పంచులంటారు. అదీ కొట్టిపారేసే మాట కాదు.

2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతి వచ్చాక ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. ఊరికో ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డ్, వైకుంఠధామం (శ్మశానవాటిక). ఏమేం కట్టాలో హైదరాబాద్‌లో నిర్ణయమైంది, ట్రాక్టర్ కిస్తీ మాత్రం పంచాయతీ ఖాతాలోంచి పోయింది. రెండు సంతకాలూ పడిన చెక్కులు సైతం ట్రెజరీలో ఆగాయి. అప్పు తెచ్చి పనులు చేయించిన సర్పంచులకు వడ్డీల టెన్షన్ మిగిలింది.

2024 ఫిబ్రవరి మొదట్లో వాళ్ల పదవీకాలం ముగిసి, వాళ్ల స్థానంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులు వచ్చారు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోయాయి. మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం ధర్నాలకు దిగితే పోలీసులు ముందే ఇళ్ల దగ్గర ఆపేశారు. కొత్త సర్పంచులు కూర్చున్నది ఆ బిల్లులు పేరుకుపోయిన ఆఫీసుల్లోనే.