పాత సింథసైజర్ యాంప్‌ల ధర: అపోహలు - వాస్తవాలు

నా బల్ల మీదికి వచ్చే పాత కీబోర్డు యాంప్‌లలో చాలావాటిది ఒకటే కథ. కొన్నవాళ్లు సంబరంగా మోసుకొస్తారు, "చిన్న గరగర ఉంది, కాస్త చూసిపెట్టండి" అంటారు. వెనక పలక విప్పితే గానీ ఆ గరగర ఎంత పెద్దదో తెలియదు. కొన్న డబ్బుకు మరమ్మతు డబ్బు కలిపి చూస్తే, అదే మోడల్ బాగుచేసి పెట్టినది హాయిగా వచ్చేది.

ధర చెప్పమని అడిగితే నేను ముందు పేరూ చూడను, వయసూ చూడను. ఇంకా ఎంత పని మిగిలి ఉందో చూస్తాను. పూర్తిగా సర్వీసు చేసిన అదే మోడల్ ఎంతకు అమ్ముడైందో తెలుసుకుని, అందులోంచి మిగిలిన పని ఖర్చు తీసేస్తాను. ఆ తీసివేతను తప్పించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువ.

పాతబడే కొద్దీ ఖాయంగా జరిగేది ఒకటే: లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోతాయి. వాటికి ఇరవై ఏళ్లు దాటితే, వాడినా వాడకపోయినా నేను వాటిని మార్చాల్సిన జాబితాలోనే రాసుకుంటాను. "అసలు వాడనే లేదు, పెట్టెలోనే ఉంది" అనే మాట వింటే నాకు ఆనందం కంటే అనుమానమే ఎక్కువ. ఏళ్ల తరబడి కరెంటు చూడని కండెన్సర్ ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ మీద పడితే పేలే ప్రమాదం ఉంది.

కీబోర్డు వాయించేవాళ్లకు పాతదే మేలని కూడా లేదు. ఫెండర్ కంపెనీ గిటార్ యాంప్ ట్విన్ రివర్బ్‌నే తీసుకోండి. 1963 నుంచి 1967 దాకా వచ్చిన నల్ల ముఖం (ముందు పలక నల్లగా ఉండే) మోడళ్ల కోసం గిటారిస్టులు పోటీ పడతారు. 1970ల చివర్లో వచ్చిన 135 వాట్ల వెండి ముఖం మోడల్ వాళ్లకు పెద్దగా నచ్చదు. వాల్యూం ఎంత పెంచినా దాని శబ్దం చీలి గరగరలాడదు, పైగా నడుము విరిగేంత బరువు. రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోకో సింథసైజర్‌కో సరిగ్గా ఆ చీలని శబ్దమే కావాలి. గిటారిస్టులు వద్దన్నది మనకు తక్కువలో దొరుకుతుందన్నమాట.

అపోహ: వాల్వు (గాజు వాక్యూం ట్యూబు) యాంప్‌కే విలువ, ట్రాన్సిస్టర్‌ది చవక సరుకు.

రోలాండ్ జేసీ-120 1975లో వచ్చింది. అందులో వాల్వు ఒక్కటీ లేదు, అయినా కీబోర్డు వాయించేవాళ్లు దాన్ని వదల్లేదు. రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక్కోదానికి 60 వాట్లు. కోరస్ వేస్తే ఒక స్పీకర్ నుంచి మామూలు శబ్దం, రెండోదాని నుంచి ఊగే శబ్దం వచ్చి గదిలో గాలిలోనే కలుస్తాయి.

ధర లెక్కలో చాలామందికి తట్టని సంగతి మరొకటి. వాల్వు యాంప్‌లో వాడే 12ఏఎక్స్7, 6ఎల్6 లాంటి వాల్వులు ఈనాటికీ తయారవుతున్నాయి. లోపలి వైరింగ్ విశాలంగా ఉంటుంది, విడి భాగం మార్చడం తేలిక. పాత ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఒక చిప్పు కాలితే దాని ఒరిజినల్ తయారీ ఎప్పుడో ఆగిపోయి ఉండొచ్చు. ఆ నాటి కోరస్ సర్క్యూట్లలోని బకెట్ బ్రిగేడ్ చిప్పులు (శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసేవి) ఇలాంటివే. అందుకే జేసీ-120 చూసేటప్పుడు కోరస్ వేసి ఒక్కో స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినాలి. ఊగే శబ్దం ఎటువైపూ లేకపోతే ధరలో పెద్ద కోతే.

అపోహ: "లైటు వెలుగుతోంది, శబ్దం వస్తోంది, టెస్ట్ చేశాం."

అమ్మేవాళ్ల టెస్టింగ్ సాధారణంగా అర నిమిషం. తప్పులు బయటపడేది వేడెక్కాకనే. నేను కనీసం అరగంట ఆన్‌లో ఉంచి, సింథసైజర్‌లో ఒక లోతు స్వరం నొక్కిపట్టి, సగం వాల్యూంలో వింటాను. గిటార్ తీగ మోగి ఆగిపోతుంది. సింథసైజర్ స్వరం మనం వేలు తీసేదాకా అదే బలంతో సాగుతుంది కాబట్టి పవర్ సప్లై బలహీనత దాచుకోలేదు.

తరువాత వాయిద్యం తీసేసి, వాల్యూం సున్నాకి తెచ్చి, హమ్మింగ్ వినాలి. కరెంటు ఫ్రీక్వెన్సీకి రెట్టింపులో, అంటే 100 లేదా 120 హెర్ట్జ్‌లో గీపెడుతుంటే ఫిల్టర్ కండెన్సర్లు (పవర్ సప్లైలో కరెంటును సాఫీ చేసేవి) అయిపోయినట్టు. 50 లేదా 60లో మొద్దుగా ఉంటే ఎర్తింగ్ వైపో, వాల్వు హీటర్ల వైపో చూడాలి. మొదటిది ఖర్చు తెలిసిన పని. రెండోది కొన్నిసార్లు పది నిమిషాలు, కొన్నిసార్లు రెండు రోజులు.

ట్రాన్సిస్టర్ యాంప్ అయితే ఇంకో చిన్న పరీక్ష. ఏ సిగ్నలూ లేనప్పుడు స్పీకర్ కొనల మీద మల్టీమీటర్ డీసీలో పెట్టండి. కొన్ని పదుల మిల్లీవోల్టులు కనిపిస్తే ఫరవాలేదు. వోల్టుల్లో కనిపిస్తే వెంటనే ఆపేయండి, అది స్పీకర్ వాయిస్ కాయిల్‌ను కాల్చేస్తుంది.

చాలాకాలం మూలన పడి ఉన్నదైతే నేను ప్లగ్గుకు ముందు సీరీస్‌గా ఒక ఫిలమెంటు బల్బు కట్టకుండా కరెంటు ఇవ్వను. బల్బు ఒక్కసారి భగ్గుమని మళ్లీ మందగిస్తే దారిలో ఉన్నట్టు. వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్. వాల్వు యాంప్ లోపల 400 వోల్టుల పైన కూడా డీసీ ఉండొచ్చు, ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. అలవాటు లేనివాళ్లు లోపల వేలు పెట్టకండి.

నాబ్ తిప్పితే గరగరమనడం మాత్రం భయపడాల్సిన జబ్బు కాదు. చాలావరకు కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. శుభ్రం చేసినా పోకపోతే, ఆ కంట్రోల్ అరిగిపోయి ఉండొచ్చు, లేదా ఏదో కండెన్సర్ లీకై డీసీ దాని మీదికి వస్తూ ఉండొచ్చు.

అపోహ: ఒక్క భాగం మార్చినా విలువ పోతుంది.

ఇది సేకరించేవాళ్ల భాష. దాన్ని వాయించేవాళ్లు అరువు తెచ్చుకుని నష్టపోతున్నారు. భాగాల్లో రెండు రకాలున్నాయి. కండెన్సర్లు, వాల్వులు, ఫ్యూజులు అరిగిపోయే సరుకు. వాటిని శుభ్రంగా మార్చి ఉంటే నేను ధర తగ్గించను, ఇంకాస్త ఎక్కువే ఇస్తాను. రెండు కాళ్ల పాత ప్లగ్గు తీసి ఎర్త్ ఉన్న మూడు కాళ్ల తీగ వేయించి, ఛాసిస్‌కి (లోహపు చట్రానికి) కరెంటు తీగ నుంచి కలిపిన, చెడితే షాక్ కొట్టించే ప్రాణాంతకమైన చిన్న కండెన్సర్ పీకేయించి ఉంటే మరీ మంచిది. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, పెట్టె వేరే సంగతి. అవి మారితే శబ్దమూ మారుతుంది, ధరా తగ్గాలి.

స్పీకర్ అసలుదో కాదో దాని మీద గుద్దిన అంకెలే చెబుతాయి. అమెరికన్ యాంప్‌లలో మొదటి అంకెలు తయారీదారు కోడ్: 220 అంటే జెన్సెన్, 465 అంటే ఆక్స్‌ఫర్డ్, 67 అంటే ఎమినెన్స్. వాల్యూం కంట్రోళ్ల మీద 137 ఉంటే సీటీఎస్, 304 ఉంటే స్టాక్‌పోల్. ఆ తరువాతి అంకెలు సంవత్సరం, వారం. 1376612 అని ఉందంటే సీటీఎస్ వాళ్లు 1966లో పన్నెండో వారంలో చేసిన కంట్రోల్ అని. అది ఆ భాగం పుట్టిన తేదీ, యాంప్‌ది కాదు. యాంప్ అంతకంటే ఏడాది తరువాతదైనా కావచ్చు. కానీ 1967 మోడల్ అని చెప్పి 1974 స్పీకర్ చూపిస్తే ఎక్కడో మారిందన్నమాటే.

ఒకసారి నేనే పడ్డాను. కొత్త గుడ్డ, మెరిసే కార్నర్లు, తుడిచిన నాబ్‌లు చూసి అంకెలు చూడకుండా కొన్నాను. పైన పటారం లోన లొటారం. స్పీకర్లు ఏదో ఇంటి స్టీరియోవి, అంచుల ఫోమ్ వేలు తాకితే పొడి పొడిగా రాలింది. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమానంగా మెల్లగా లోపలికి నొక్కి, రాపిడి వినిపిస్తుందేమో చూడటం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

అపోహ: గిటార్ యాంప్ అయితేనేం, యాంప్ యాంపే కదా.

గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక జారిపోతుంది. కింద గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, సింథసైజర్ 30ల్లోకి దిగుతుంది. వెనక తెరిచి ఉన్న పెట్టెలో ఆ లోతు రాదు, సింథసైజర్‌లోని ఫిల్టర్ తెరిచినప్పుడు వచ్చే మిలమిల కూడా వినిపించదు. రోడ్స్‌కు గిటార్ యాంప్ అతికినట్టు సరిపోతుంది, ఆ మొరటు వెచ్చదనమే దాని అందం. సింథసైజర్ కోసమైతే, గిటారిస్టులు పెంచిన ధరను మీరెందుకు కట్టాలి?

అపోహ: వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు.

వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 కావాలి, అంటే పదింతల వాట్లు. స్పీకర్ సామర్థ్యమే ఎక్కువ తేడా తెస్తుంది.

అపోహ: తిరిగే హార్న్‌లున్న లెస్లీ స్పీకర్ పెట్టెలో ఒక హార్న్ మోగడం లేదు, చవకగా కొట్టేయొచ్చు.

ఈ ఫిర్యాదు విని ఎన్నిసార్లు నవ్వుకున్నానో! లెస్లీ 122లో తిరిగే రెండు హార్న్‌లలో ఒకదాని నుంచే శబ్దం వస్తుంది. రెండోది తూకం కోసం పెట్టిన ఉత్తిది. బేరం ఆడటానికి వేరే కారణాలున్నాయి: నెమ్మది, వేగం రెండూ మారుతున్నాయా, బేరింగ్‌లు గీపెడుతున్నాయా, కేబుల్ ఉందా. 122, 147 రెండింటికీ ఆరు పిన్నుల ప్లగ్గే ఉన్నా లోపలి వైరింగ్ వేరు, ఒకదాని చోట మరొకటి తగిలిస్తే కాలుతుంది. సింథసైజర్ జాక్ నేరుగా పట్టదు, మధ్యలో ప్రీయాంప్ పెట్టె కావాలి. అది లేకపోతే దాని ధరా తీసెయ్యాలి.

అపోహ: పేరున్న కంపెనీ కదా, చెడిపోయినా డబ్బే.

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత యాంప్‌కు వర్తించదు. కాలిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, చిరిగిన రెండు స్పీకర్లు ఉన్న యాంప్‌లో మిగిలేది పెట్టె, పేరు పలక. వాటిని విడిభాగాల ధరకే కొంటాను.

వోల్టేజీ కూడా చూడండి. జపాన్ లోపలి మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 117 లేదా 120. 230 ఉన్న చోట వాటికి తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆ ఖర్చు అమ్మకందారు ధరలోంచే పోవాలి.

అపోహ: అమ్మకానికి పెట్టినవన్నీ ఆ ధరే చెబుతున్నాయి.

చెబుతున్నాయి, అమ్ముడుపోవడం లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు నెలల తరబడి అదే ధరకు వేలాడుతున్న ప్రకటనలు లెక్కలోకి రావు. అమ్మకం పూర్తయిన ధరలు చూడండి, అందులోనూ సర్వీసు అయినవీ కానివీ విడదీయండి. ఉదాహరణకు సర్వీసు చేసినది నూరుకు పోయిందనుకుందాం. కండెన్సర్లకు, ప్లగ్గుకు, శుభ్రానికి పదిహేను, ఒక స్పీకర్ కోన్‌కు పది, తెలియని దానికి ఇంకో పది. మీ చేతిలోది అరవై అయిదు.

ఆ చివరి పది ఎంత ఉండాలో నిర్ణయించేది వెనక పలక. నాలుగు స్క్రూలు విప్పి లోపలి ఫొటో పంపమంటాను. పంపితే ఆ పది తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. "విప్పడం కుదరదు, బాగానే ఉంది" అంటే, పనిచేయని యాంప్ ధరే చెప్పి ఊరుకుంటాను.