శిక్షక్ ఆమదార్ ఎన్నిక: మా సిరోంచ స్టాఫ్‌రూముల్లో తిరిగే అపోహలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ తాలూకా నుంచి ఒక మాస్టారు వచ్చేసారి శిక్షక్ ఆమదార్‌గా, అంటే టీచర్ల ఓట్లతో గెలిచే ఎమ్మెల్సీగా, నిలబడతానంటున్నారు. ఆ మాట పుట్టిన దగ్గర్నుంచి స్టాఫ్‌రూములో టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాళ్లూ ఎన్నికల కమిషనరే. నేను హైస్కూలు టీచర్ని. నాగపూర్ డివిజన్ ఉపాధ్యాయ నియోజకవర్గానికి ఎన్నికలు వచ్చినప్పుడల్లా సంఘం తరఫున ఓటరు ఫారాలు పోగుచేసే పని నాది. చెవిన పడ్డవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇది ఎడ్యుకేషన్ బోర్డు ఎన్నిక. గెలిస్తే సిలబస్, పరీక్షలు మార్చేయొచ్చు.

కాదు. ఇది విధాన పరిషత్ (శాసన మండలి) ఎన్నిక. 78 మంది సభ్యుల్లో ఏడుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. పది, పన్నెండు పరీక్షలు నడిపే రాష్ట్ర బోర్డు 1965 చట్టం కింద ఏర్పడిన వేరే సంస్థ. ఆమదార్ సభలో ప్రశ్న వేయగలరు, లక్షవేధి (సావధాన తీర్మానం) పెట్టగలరు, ఆగిపోయిన గ్రాంటు ఫైలు వెంటపడగలరు. సిలబస్, పరీక్షలు మార్చే అధికారం మాత్రం లేదు. ద్రవ్య బిల్లును పరిషత్ మొత్తం కలిసినా 14 రోజులకు మించి ఆపలేదు. 2023లో ప్రచారమంతా పాత పెన్షన్ చుట్టూనే తిరిగింది. 2005 నవంబరు 1 తర్వాత చేరి ఆ పెన్షన్‌కు దూరమైనవాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఒక్క ఆమదార్ దాన్ని తెచ్చిపెడతానంటే నమ్మకండి, అది ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయం.

అపోహ: నిలబడేది టీచరే అయుండాలి.

ఓటరు టీచరై ఉండాలి, అభ్యర్థి కానక్కర్లేదు. 30 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటు ఉంటే చాలు. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. పైగా అసెంబ్లీ ఎన్నికకు ఉన్నట్టు దీనికి ఖర్చు పరిమితి లేదు. జీతం మీద బతికే మా మాస్టారికి అసలు టెన్షన్ ఇదే. జిల్లా పరిషత్ ఉద్యోగంలో ఉంటూ పోటీ చేస్తానంటే ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. ప్రైవేటు ఎయిడెడ్ వాళ్లకు 1981 నాటి వేరే సర్వీసు నియమాలున్నాయి. నామినేషన్ ముందురోజు కాదు, ఇప్పుడే చదువుకోండి.

అపోహ: పోయినసారి ఓటేశాను కదా, పేరు ఉంటుంది.

కొంపలు ముంచేది ఇదే. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ మళ్లీ మొదటినుంచి తయారుచేస్తారు, పాత పేర్లు దానంతటవే రావు. ఫారం 19 నింపి, హెడ్మాస్టరు ధ్రువపత్రం జతచేసి ఇవ్వాలి. అర్హత లెక్కగట్టే తేదీ నవంబరు 1. దానికి ముందు ఆరేళ్లలో మొత్తం మూడేళ్లు హైస్కూలు స్థాయికి తగ్గని విద్యాసంస్థలో బోధించి ఉండాలి. కాబట్టి ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఓటు రాదు, ఎంత సీనియర్లయినా సరే. రిటైరైనవాళ్లకు మాత్రం వెంటనే పోదు. రిటైరై రెండేళ్లయినా, ఆరేళ్ల లెక్కలో మూడేళ్ల బోధన తేలితే ఓటు వేయొచ్చు. ఈ సంగతి చెబితే పెద్దాయనలు నన్నే అనుమానంగా చూస్తారు.

ఇక ఫారాల రోజులు సరిగ్గా దీపావళి సెలవుల చుట్టూ పడతాయి. స్కూలు స్టాంపు బీరువాలో ఉంటుంది, బీరువా తాళం క్లర్కు జేబులో ఉంటుంది, క్లర్కు అహేరిలో అత్తగారింట్లో ఉంటాడు. ఎవరెన్ని చెప్పినా నా లెక్కలో సగం ఎన్నిక ఈ స్టాంపు దగ్గరే తేలిపోతుంది. జనవరిలో జీపు వేసుకుని ప్రచారానికి తిరిగే అభ్యర్థి అక్టోబరులో ఎక్కడున్నాడో అడగండి.

అపోహ: వంతెనకు ఏ పక్క ఉన్నా టీచరు టీచరే, ఎక్కడో ఒకచోట ఓటుంటుంది.

ఉండకపోవచ్చు. కాళేశ్వరంలో కాపురం, గోదావరి దాటి సిరోంచలో ఉద్యోగం అనుకోండి. ఇక్కడ నివాసం లేదు కాబట్టి నాగపూర్ జాబితాలో పేరు రాదు. అక్కడ బోధన లేదు కాబట్టి తెలంగాణ జాబితాలోనూ రాదు. నివాసం నియోజకవర్గంలో, బోధన అదే రాష్ట్రంలో, రెండూ ఉండాలి. సరిహద్దు మనుషుల్ని తలచుకుని రాసిన చట్టం కాదిది.

అపోహ: రెండో ప్రాధాన్యం ఇస్తే మనవాడికి దెబ్బ.

అస్సలు కాదు. ఇందులో అభ్యర్థులకు ప్రాధాన్యం ప్రకారం 1, 2, 3 అని అంకెలు వేస్తారు. మీరు 1 వేసిన అభ్యర్థిని లెక్కింపులో తీసేశాకే మీ 2 ఎవరికుందో చూస్తారు. ఉదాహరణకు చెల్లిన ఓట్లు 900. సగానికి ఒకటి కలిపితే 451 రావాలి. మొదటాయనకు 400, రెండో ఆయనకు 330, మూడో ఆయనకు 170 వచ్చాయి. మూడో ఆయన్ని తీసేసి ఆ 170 కాగితాల్లో రెండో గడి చూస్తారు. 130 రెండో ఆయనకు, 20 మొదటాయనకు ఉన్నాయి, మిగతా 20 ఖాళీ. ఇప్పుడు రెండో ఆయనకు 460, మొదటాయనకు 420. వెనకబడ్డాయన గెలిచాడు. ఆ 20 మంది తమ మాట తామే మింగేసుకున్నారు.

అపోహ: తెలుగు ఓట్లన్నీ కలిస్తే గెలుపు మనదే.

నాగపూర్, వార్ధా, భండారా, గోందియా, చాందా (చంద్రపూర్), గడ్చిరోలి అని ఆరు జిల్లాలున్నాయండీ. సిరోంచ, బల్లార్షా కలిపి ఎంతని? మరాఠీలో మాట్లాడి, నాగపూర్ స్టాఫ్‌రూముల్లో కూర్చుని ఓట్లు అడగాల్సిందే. సిట్టింగును ఎవరూ కదపలేరన్నదీ అంతే: రెండుసార్లు గెలిచిన నాగో గాణార్‌ను 2023లో సుధాకర్ అడబాలే ఓడించారు.

అపోహ: టిక్కు పెట్టినా చెల్లుతుంది.

చెల్లదు. బూత్‌లో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే, అంకెలోనే వేయాలి. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సంతకం పెట్టినా, ఇద్దరికి 1 వేసినా కాగితం పోయినట్టే. తెలుగు అంకె ౧ వేయొచ్చా అని ఒక సోషల్ మేడం అడిగారు. ఎనిమిదో షెడ్యూలు భాషల అంకెలు చెల్లుతాయి, కాబట్టి వేయొచ్చు. కానీ నాగపూర్‌లో లెక్కపెట్టే బల్ల దగ్గర దాన్ని గుర్తుపట్టేవాళ్లు ఎవరుంటారని? నేనైతే 1 వేస్తాను.