కొత్త తుపాకీకి ఫ్యాక్టరీ గ్రీజు: అపోహలు - వాస్తవాలు

తుపాకులు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం నా పని. పెట్టెలోంచి తీసిన కొత్త తుపాకీకి అంటి ఉండే జిడ్డు గురించి నా బల్ల దగ్గర రోజూ వినపడే మాటల్లో కొన్ని ప్రమాదకరమైనవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కొత్తదే కదా, ఖాళీగానే ఉంటుంది.

కంటితో చూసి, వేలితో తడిమాకే ఖాళీ అనుకోవాలి. ముందు మ్యాగజైన్ (తూటాలు పెట్టే అర) తీయండి. తర్వాత గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టు గానీ, పిస్టల్ అయితే కదిలే పైభాగమైన స్లైడు గానీ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఈ వరుస మారకూడదు. మ్యాగజైన్ ఉండగానే స్లైడు లాగి వదిలితే మరో తూటా లోపలికి ఎక్కుతుంది. శుభ్రం చేసే గదిలో తూటాలే ఉండకూడదు.

అపోహ: గ్రీజంటే కందెనే, ఉంటే మంచిదే.

ఆ పూత తుప్పు పట్టకుండా కాపాడటానికి. పాత సైనిక రైఫిళ్లకు పూసిన కాస్మోలిన్ పెట్రోలియం నుంచి తీసిన మైనం లాంటి పదార్థం. పూసినప్పుడు మెత్తగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరయ్యే భాగం పోయి బంకలా బిగుసుకుంటుంది. బారెల్లో ముద్ద ఉండగా పేలిస్తే పీడనం పెరిగి గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. ఛాంబర్‌లో ఉంటే మరో చిక్కు. పేలిన క్షణంలో తూటా ఇత్తడి తొడుగు వ్యాకోచించి ఛాంబర్ గోడలను పట్టుకోవాలి. జిడ్డు వల్ల ఆ పట్టు దొరక్కపోతే తోపు బోల్టు మీద ఎక్కువగా పడుతుంది.

నేను అన్నిటికన్నా భయపడేది ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచి పేల్చే సూది) బోల్టులో కదిలే రంధ్రం గురించి. సోవియట్ రకం ఎస్‌కేఎస్ రైఫిళ్లు చాలావాటిలో ఆ పిన్నును వెనక్కి నెట్టే స్ప్రింగు ఉండదు. జిడ్డులో పిన్ను ముందుకు ఇరుక్కుపోతే, బోల్టు మూసుకుంటూనే ప్రైమర్‌ను (తూటా అడుగున దెబ్బ తగిలితే అంటుకునే మందును) పొడుస్తుంది. ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే తూటా పేలుతుంది, ఒక్కోసారి వరసగా. "మొత్తం తుడిచేశానండీ" అంటూ ఒకాయన తెచ్చిన బోల్టు పైకి అద్దంలా ఉంది. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు లేదు. పిన్ను తీసి, రంధ్రంలోకి గుడ్డ పీలిక దూర్చి లాగితే ముదురు తేనె రంగు గడ్డ వచ్చింది. మూడోసారి కడిగాక గానీ పిన్ను టకటకమని ఆడలేదు. స్ప్రింగు ఉన్న రకాల్లో ఈ చప్పుడు రాదు, కాబట్టి దాన్ని అన్నిటికీ పరీక్షగా పెట్టుకోకండి.

ఒక మినహాయింపు ఉంది. గ్లాక్ పిస్టల్ స్లైడులో కొన్నిచోట్ల రాగి రంగు గ్రీజు పూసి వస్తుంది. అది కందెనే, తీయవద్దని ఆ కంపెనీ మాన్యువలే చెబుతుంది. చేయి పెట్టే ముందు మీ తుపాకీ మాన్యువల్ చదవండి.

అపోహ: పెట్రోలు పోస్తే చిటికెలో పోతుంది.

పోతుంది, నిజమే. కానీ సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి వదులుతుంది. గాలికన్నా బరువైన ఆ ఆవిరి నేల వెంట పాకి, ఎక్కడో వెలుగుతున్న మంటను అందుకుంటుంది. పైగా అందులోని బెంజీన్ క్యాన్సర్ కారకం. మినరల్ స్పిరిట్స్ (రంగులు పలచబరిచే ద్రావకం) గానీ కిరోసిన్ గానీ వాడండి. వీటికీ మంట ప్రమాదమే, కాకపోతే తక్కువ. తలుపులు, కిటికీలు తీసి ఉంచండి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. బ్రేక్ క్లీనర్ కొన్ని ప్లాస్టిక్ భాగాలను, చెక్క పాలిష్‌ను తినేస్తుంది.

అపోహ: వేడినీళ్లు తగిలితే తుప్పే.

విప్పిన ఉక్కు భాగాల మీద మరిగే నీళ్లు పోస్తే కాస్మోలిన్ కరిగి కారిపోతుంది. వేడెక్కిన లోహం మీద తడి త్వరగా ఆరిపోతుంది. తుప్పు పట్టేది నూనె పూయడంలో ఆలస్యం చేసినప్పుడే. ఆరిన వెంటనే పలచగా పూసేయండి. చెక్కకు మాత్రం ఈ పద్ధతి వద్దు.

బారెల్‌ను వీలైతే ఛాంబర్ వైపు నుంచే తుడవండి, తుడిచే రాడ్డు గొట్టం మూతి అంచును గీరకూడదు. బిగించే ముందు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. వాడిన ద్రావకాన్ని కాలువలో పోయకండి. తడి గుడ్డలను ఆరుబయట, మంటకు దూరంగా పరిచి ఆరబెట్టండి. చెక్కకు అవిసె నూనె పూసి ఉంటే ఆ గుడ్డలతో మరీ జాగ్రత్త. ఉండ చుట్టి మూల పడేస్తే, నిప్పు తగలకపోయినా వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు.