మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ సౌండ్ గొడవ: అపోహలు - వాస్తవాలు

పాట విడుదలకి ముందు దాని సౌండ్‌కి దిద్దే చివరి మెరుగే మాస్టరింగ్. అదేమిటో మామూలు శ్రోతలకు పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. అలాంటిది 2008లో ఒక హెవీ మెటల్ ఆల్బమ్ పుణ్యమా అని వేలాదిమంది అభిమానులు సౌండ్‌ని మరీ లౌడ్ చేసి పాడుచేశారంటూ క్లిప్పింగ్ (హద్దు దాటిన సౌండ్ తెగిపోవడం) గురించి, డైనమిక్ రేంజ్ (మెల్లని, పెద్ద శబ్దాల మధ్య తేడా) గురించి వాదించుకున్నారు. వాల్ స్ట్రీట్ జర్నల్ లాంటి వ్యాపార పత్రిక కూడా దాని మీద కథనం వేసింది. ఆ ఆల్బమే అమెరికన్ బ్యాండ్ మెటాలికా తొమ్మిదో స్టూడియో ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’. మిక్సింగ్, మాస్టరింగ్ నా పని కాబట్టి ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా కుర్ర మ్యుజీషియన్ల నోట అవే ఏడెనిమిది మాటలు వింటుంటాను. వాటిలో సగం నిజం ఉంది. అందుకే అవి ఓ పట్టాన పోవు.

అపోహ: ఆల్బమ్‌ని చెడగొట్టింది మాస్టరింగ్ ఇంజినీరే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆల్బమ్ మాస్టరింగ్ చేసింది న్యూయార్క్ స్టెర్లింగ్ సౌండ్ ఇంజినీర్ టెడ్ జెన్సెన్. ఈ రంగంలో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు. గొడవ ముదిరాక, ఒక అభిమాని అడిగితే ఆయన రాసిన జవాబు బయటికొచ్చింది. మిక్స్‌లు తన దగ్గరికి వచ్చేసరికే పూర్తిగా నొక్కేసి (లౌడ్‌నెస్ కోసం హెచ్చుతగ్గుల్ని చదును చేసేసి) ఉన్నాయని, ఈ ఆల్బమ్‌కి తన పేరు తగులుకున్నందుకు గర్వపడటం లేదని దాని సారాంశం. మా పనిలో క్లయింట్ గురించి ఇలా మాట్లాడేవాళ్లు చాలా అరుదు.

పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఆయన బాధ అర్థమవుతుంది. ముందు డ్రమ్స్, గిటార్లు, బేస్, గొంతు విడివిడిగా ట్రాకుల్లో రికార్డ్ అవుతాయి. మిక్సింగ్ ఇంజినీర్ వాటన్నిటినీ కలిపి, ఎడమ కుడి రెండే చానెళ్ల స్టీరియో ఫైల్‌గా దించుతాడు. మాస్టరింగ్‌కి సాధారణంగా అందేది ఆ ఫైలే. డిజిటల్ ఆడియోకి పైన ఒక హద్దు ఉంది. దాన్ని సున్నా డెసిబెల్ అంటాం. సౌండ్ దాన్ని దాటబోతే తరంగం పైభాగం తెగిపోయి, గుండ్రంగా ఉండాల్సిన చోట చదునుగా తయారవుతుంది. అదే క్లిప్పింగ్. ఆ తెగిన భాగంలో ఉన్నది ఇంక ఎక్కడా ఉండదు. వాల్యూమ్ తగ్గిస్తే ఆ చదును మొత్తం కిందికి దిగుతుంది, అంతే. దాన్ని సరిచేస్తామనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ అవి అక్కడ ఏముండేదో ఊహించి పూడుస్తాయి. మాడిన అన్నం వడ్డించేవాడి చేతికి వచ్చాక వాడు మాత్రం ఏం చేస్తాడు?

‘బ్రోకెన్, బీట్ అండ్ స్కార్డ్’ పాటో, ‘ద డే దట్ నెవర్ కమ్స్’ రెండో సగమో హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని డ్రమ్స్ మీద చెవి పెట్టండి. కిక్, స్నేర్ డ్రమ్ముల మీద దెబ్బ పడ్డప్పుడల్లా చిన్న చిటపట వినిపిస్తుంది. గిటార్ డిస్టార్షన్‌కి దానితో సంబంధం లేదు. గిటార్‌కి ఆ గరగర కావాలనే పెడతారు. డ్రమ్ దెబ్బ మీద వచ్చే చిటపటని మాత్రం ఎవరూ కోరుకోరు.

అపోహ: సౌండ్ అంత అధ్వానంగా ఉంది కాబట్టి ఆల్బమ్ ఫ్లాప్ అయ్యింది.

వాస్తవం: ఎక్కడి ఫ్లాప్? సెప్టెంబర్ 12 శుక్రవారం విడుదలైతే, చార్టు లెక్కకి దొరికిన మూడు రోజుల్లోనే అమెరికాలో సుమారు 4,90,000 కాపీలు అమ్ముడై, అక్కడి ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200లో నేరుగా ఒకటో స్థానంలో దిగింది. వరుసగా ఐదు స్టూడియో ఆల్బమ్‌లు అలా ఒకటో స్థానంలో అడుగుపెట్టడం అప్పటిదాకా ఏ బ్యాండ్‌కీ జరగలేదు.

సంగీతం గురించి విమర్శకులు మెచ్చుకున్నారు కూడా. దీనికి ముందు 2003లో వచ్చిన ‘సెయింట్ యాంగర్’ గుర్తుందా? రేకు డబ్బా మీద కొట్టినట్టుండే ఆ స్నేర్ మీద, సోలోలు లేని గిటార్ల మీద జోకులు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. 1991 నాటి ‘బ్లాక్ ఆల్బమ్’ నుంచి ప్రొడ్యూసర్‌గా (రికార్డింగ్‌ని దగ్గరుండి నడిపించే వ్యక్తిగా) ఉన్న బాబ్ రాక్‌ని పక్కనపెట్టి, బ్యాండ్ రిక్ రూబిన్‌ని తెచ్చుకుంది. సోలోలు తిరిగొచ్చాయి, 80ల నాటి వేగం తిరిగొచ్చింది. ‘మై అపోకలిప్స్’ పాటకి 2009 గ్రామీల్లో ఉత్తమ మెటల్ పెర్ఫార్మెన్స్ అవార్డు వచ్చింది. ఆల్బమ్ ప్యాకేజింగ్‌కి ఇంకో గ్రామీ. ఇక రూబిన్‌కి ఆ ఏడాది ప్రొడ్యూసర్ ఆఫ్ ద ఇయర్ తెచ్చిపెట్టిన పనుల జాబితాలో ‘డెత్ మాగ్నెటిక్’ కూడా ఉంది! మాస్టరింగ్ వాళ్లం నలుగురం కలిస్తే ఇది తలుచుకుని నవ్వుకుంటుంటాం.

ఆ మెప్పూ నిజమే, ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేయండంటూ ఆన్‌లైన్ పిటిషన్ మీద పదివేల పైచిలుకు మంది చేసిన సంతకాలూ నిజమే. సంతకాలు పెట్టినవాళ్లలో చాలామంది పాటలు నచ్చినవాళ్లే. నచ్చని ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేయమని ఎవరు అడుగుతారు?

అపోహ: పొరపాటున అలా అయిపోయింది, బ్యాండ్‌కి తెలియదు.

వాస్తవం: తెలుసు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ తర్వాత బహిరంగంగానే రూబిన్ పక్షాన నిలబడ్డాడు. సౌండ్‌లో తప్పేమీ లేదని, తమకు కావాల్సింది అదేనని ఆయన వాదన. మేనేజర్లయితే ఫిర్యాదు చేసేవాళ్లు బహు కొద్దిమందని తీసిపారేశారు. అసలు రూబిన్ ప్రొడ్యూస్ చేసిన రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ఆల్బమ్ ‘కాలిఫోర్నికేషన్’ మీద కూడా 1999 నుంచే ఇదే విమర్శ ఉంది. అంటే ఇది తెలిసి ఎంచుకున్న రుచి. నాకు నచ్చని రుచి.

అపోహ: గిటార్ హీరో గేమ్‌లో ఉన్నదే అసలైన మిక్స్.

వాస్తవం: గొడవ మొదలైంది, పాటకి తగ్గట్టు బటన్లు నొక్కుతూ గిటార్ వాయించినట్టు ఆడే ఈ వీడియో గేమ్ వల్లే. ఆల్బమ్ పాటలు దాదాపు అదే సమయంలో గిటార్ హీరో 3 కోసం కూడా డౌన్‌లోడ్‌కి వచ్చాయి. ఆటగాడు నోట్ తప్పితే ఆ వాయిద్యం ఒక్కటే ఆగిపోవాలి కదా, అందుకని గేమ్ కంపెనీలకు పాట మొత్తాన్ని ఒకే ఫైల్‌గా కాకుండా వాయిద్యాలవారీగా ఇస్తారు. ఆ ఫైళ్లు చివరి నొక్కుడుకి ముందువి. సీడీ, గేమ్ ఆడియో పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు సీడీ 10 డెసిబెల్స్ దాకా ఎక్కువ లౌడ్‌గా కనిపించింది. గ్రాఫ్‌లో గేమ్ వెర్షన్ రంపంలా ఉంటే, సీడీది నిండుగా రంగు పూసిన పట్టీలా ఉంది.

అలాగని గేమ్ వెర్షన్‌ని ‘అసలు మిక్స్’ అనకూడదు. అది ఆట కోసం కూర్చిన బ్యాలెన్స్. అందులో డ్రమ్స్ ఊపిరి పీల్చుకుంటాయి, నిజమే. కానీ ఇదే ఫైనల్ అని బ్యాండ్ ఆమోదముద్ర వేసిన మిక్స్ కాదది.

అపోహ: మెటల్ అంటే లౌడ్‌గానే ఉండాలి, లౌడ్‌గా ఉంటేనే పవర్.

వాస్తవం: ఒకే పాటని ఒక్క డెసిబెల్ తేడాతో రెండుసార్లు వినిపిస్తే, చాలామంది ఎక్కువ లౌడ్‌గా ఉన్నదే బాగుందంటారు. మన చెవి నైజమే అంత. స్టూడియోలో “అన్నా, ఇంకొంచెం లౌడ్ చెయ్యవా, పక్కనోళ్ల పాట ముందు మనది తేలిపోతోంది” అని అడిగే క్లయింట్లు నాకు ప్రతి ప్రాజెక్టులో తగులుతారు. తెలుగు సినిమా పాటైనా, ఇండీ సింగిల్ అయినా అదే టెన్షన్. నేను రెండు వెర్షన్ల వాల్యూమ్ సమానం చేసి వినిపిస్తాను. అప్పుడు బాగా నొక్కిన వెర్షన్ చిన్నగా, బల్లపరుపుగా అనిపిస్తుంది. దెబ్బ తగిలినట్టు అనిపించాలంటే దెబ్బకి ముందు కాస్త ఖాళీ కావాలి మరి. డైనమిక్ రేంజ్ కొలిచే డీఆర్ మీటర్ మీద 1991 ‘బ్లాక్ ఆల్బమ్’ 11 దగ్గర ఉంటే, ‘డెత్ మాగ్నెటిక్’ 3 దగ్గర ఉంది. అంకె తగ్గేకొద్దీ నొక్కుడు ఎక్కువన్నమాట. స్పీకర్లు కదిలిపోయేలా ఏది వినాలనుందో మీరే చెప్పండి.

అపోహ: ఖరీదైన స్పీకర్లలో వింటే బాగుంటుంది.

వాస్తవం: ఇంకా ఘోరంగా ఉంటుంది. ఫోన్ స్పీకర్ దాచేసిన చిటపటని మంచి స్పీకర్ విడమరిచి వినిపిస్తుంది.

అపోహ: స్ట్రీమింగ్ వచ్చాక ఈ సమస్యే లేదు.

వాస్తవం: సగమే నిజం. స్పాటిఫై లాంటివి అన్ని పాటల్నీ దాదాపు ఒకే స్థాయికి, సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి తెచ్చి వినిపిస్తాయి. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటే చెవికి తోచే లౌడ్‌నెస్‌కి కొలత. కాబట్టి నొక్కి నొక్కి లౌడ్ చేసిన పాటకి ఇప్పుడు ఆ లాభం దక్కదు, దాని వాల్యూమ్‌ని యాప్ దించేస్తుంది. కానీ చిటపట ఎక్కడికీ పోదు, తగ్గిన వాల్యూమ్‌లో వినిపిస్తుంది. పైగా సెట్టింగ్స్‌లో ఈ వాల్యూమ్ సర్దుబాటుని (నార్మలైజేషన్) ఆపేసుకునే వీలుంది.

అపోహ: ఎప్పటికీ బాగుచేయలేరు.

వాస్తవం: పాత స్టీరియో ఫైల్ నుంచైతే చేయలేరు. తక్కువ నొక్కిన మిక్స్ భద్రంగా ఉంటే చేయొచ్చు. 2015లో ఐట్యూన్స్‌లోకి పెద్దగా చాటింపు లేకుండా కొత్త వెర్షన్ ఒకటి వచ్చింది. దాని డైనమిక్ రేంజ్ సీడీ కంటే స్పష్టంగా మెరుగు. 2008లో సంతకాలు పెట్టినవాళ్లు అడిగింది ఇంచుమించు అదే. వాళ్లలో చాలామందికి అది వచ్చిన సంగతే తెలియదు.