రౌటర్ రాసి పెట్టుకునే సంగతులు

చిరంజీవులకు దీవెనలు.

నెట్ నెమ్మదించిన ప్రతిసారీ రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేయడమే మీకు తెలిసిన వైద్యమని మీ అమ్మ చెప్పింది. అది చాలాసార్లు పనిచేస్తుంది గాని, జబ్బేమిటో చెప్పదు. ఆ సంగతి రౌటర్ తన లాగ్‌లో, అంటే జరిగినవన్నీ సమయంతో సహా నమోదయ్యే చిట్టాలో, తానే రాసి పెట్టుకుంటుంది.

ఇంటి వైఫైలో ఉండి బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే లాగిన్ పేజీ వస్తుంది. మీ పెట్టెకు ఏది వర్తిస్తుందో సాధారణంగా దాని అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది. 192.168తో మొదలయ్యే చిరునామాలు లోపలి వాడకానికే కేటాయించినవి కాబట్టి, లక్షల ఇళ్లలో ఒకే సంఖ్య ఉన్నా చిక్కు రాదు.

అక్కడ అడిగే పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు. చాలామంది రెండోదాన్ని మార్చి, మొదటిదాన్ని కంపెనీ పెట్టినట్టే వదిలేస్తారు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఈ అలసత్వం మీదనే బతికింది. అరవైకి పైగా కంపెనీ పాస్‌వర్డ్‌లను ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నిస్తూ, రౌటర్లనూ కెమెరాలనూ లక్షల సంఖ్యలో చెప్పుచేతల్లోకి తెచ్చుకుంది. దాన్ని రాసినవారు ముగ్గురు అమెరికా కుర్రాళ్లు. మీరు ఆడే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంలోని పోటీయే వారిని ఆ దారి పట్టించింది. కోడ్ బయటికి వచ్చాక, వెబ్‌సైట్ పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టే డైన్ అనే సంస్థపై అక్టోబరు 21న, చేజిక్కిన ఆ పరికరాలతో జరిగిన దాడిలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి ఎందరికో గంటల తరబడి అందలేదు. మిరాయ్ పరికరం మెమరీలో మాత్రమే ఉండేది గనుక మీ స్విచ్ వైద్యానికి పోయేది. పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపటికే తిరిగి వచ్చేది.

లోపల మొదట చూడవలసింది, వైఫైకి కలిసి ఉన్న పరికరాల జాబితా. అందులో తెలియని పేరు కనిపించగానే పొరుగింటివారిని అనుమానించకండి. ఇప్పటి ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామాను, అంటే పరికరానికి కంపెనీ ఇచ్చిన గుర్తింపు సంఖ్యను, దాచి మారుచిరునామా చూపుతాయి, కాబట్టి అది మీ నాన్న ఫోనే కావచ్చు. ఒక్కొక్క పరికరంలో వైఫై ఆపుతూ ఏ వరుస మాయమవుతుందో చూసి రాసుకోండి. ఎవరిదీ కానిది మిగిలితే వైఫై పాస్‌వర్డ్ మార్చండి.

నాకు ఎక్కువ ఇష్టమైనది సిస్టమ్ లాగ్. అందులో హఠాత్తుగా 1970 జనవరి 1 అన్న తేదీ కనిపిస్తే కంగారు పడవద్దు. చాలా రౌటర్లలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. నెట్ వచ్చాకే సరైన సమయం తెలుసుకుంటాయి, అంతవరకు కంప్యూటర్లు కాలాన్ని లెక్కించడం మొదలుపెట్టే ఆ తేదీనే వేస్తాయి. అంటే ఆ వరుస కనిపించిన చోట రౌటర్ ఆగి మళ్లీ మొదలైందన్నమాట. మీరెవరూ ఆపకుండానే, కరెంటు పోకుండానే అది పదే పదే కనిపిస్తే ముందుగా అడాప్టర్‌ను అనుమానించండి. తేదీలు సరిగ్గానే ఉండి, లైన్ తెగినట్టు మాత్రమే ఉంటే ఆ సమయాలు రాసుకుని కనెక్షన్ ఇచ్చినవారికి చెప్పండి. ఊరికే "నెట్ రావడం లేదు" అంటే వారు కూడా స్విచ్ ఆపి వేయమనే అంటారు.

బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ అవసరం లేకపోతే ఆపేయండి. ఫర్మ్‌వేర్‌కు, అంటే రౌటర్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాంకు, అప్‌డేట్ వస్తే వేయండి గాని, మధ్యలో కరెంటు పోతే పెట్టె పనికిరాకుండా పోవచ్చు గనుక, ఆ కాసేపు రౌటర్‌ను ఇన్వర్టర్ ప్లగ్గులోనే ఉంచండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య